ఉష్ణవిద్యుత్తు అంటే

ఎస్తేరుకు తల్లి ముఖం సరిగా గుర్తులేదు. గుర్తున్నదల్లా అక్క దీనమ్మే. తల్లి పోయేనాటికి దీనమ్మ పెళ్ళికెదిగిన పిల్ల, ఎస్తేరుకు ఇంకా పాలపళ్ళు ఊడలేదు. యోహానుతో పెళ్ళి మాట వచ్చినప్పుడు దీనమ్మ ఒకటే అడిగింది. "చెల్లెలు నాతోనే ఉంటది. అట్టయితేనే." యోహాను తలూపాడు. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల వెనక ఉన్న రేకుల ఇంట్లో ఆ కాపురం ముగ్గురితో మొదలైంది.

యోహానుది బట్టీలో పని. సున్నపురాయి ఒక వరస, బొగ్గు ఒక వరస నింపి కాల్చడం. సాయంత్రానికి కనుబొమలతో సహా తెల్లబడి ఇంటికొచ్చేవాడు. ఆ తెల్లటి మనిషే పొద్దున్నే ఎస్తేరును సైకిలు ముందు కూర్చోబెట్టుకుని బడిలో దింపేవాడు. దీనమ్మ కుట్టుమిషను తొక్కేది. ఆ తొక్కుడు చప్పుడు ఆగిపోవడం ఎస్తేరు పదో తరగతిలో ఉండగా మొదలైంది. కుడుతూ కుడుతూనే దీనమ్మ మిషను మీదికి వాలిపోయేది. కాసేపటికి లేచి, "ఏం లేదే, కునుకు పట్టింది" అనేది.

కునుకు కాదని గుంటూరు డాక్టర్లు తేల్చారు. గుండె కొట్టుకోవాలన్న కబురు గుండె కింది అరలకు అందడం లేదు. దాంతో కొట్టుకోవడం మందగించి, ఒక్కోసారి అసలు మరిచిపోతోంది. గుర్తు చేయడానికి ఛాతీలో ఒక పేస్‌మేకరు పెట్టారు. అందులో బ్యాటరీ అయిపోయినప్పుడల్లా కోసి కొత్తది పెట్టాలి. రెండోసారి కోసినప్పుడు గాయం చీముపట్టింది. నెలల తరబడి దీనమ్మ మంచం దిగలేదు. కూతురు కెజియా అప్పటికి చంటిపిల్ల. దగ్గరికి తీసుకుంటే గాయానికి తగులుతుందని, బిడ్డను దూరం నుంచే చూసి ఏడ్చేది.

హైదరాబాదులో పరిశోధన చేస్తున్న ఎస్తేరు సెలవు పెట్టి వచ్చి అక్క పక్కన కూర్చుంది. ఆనాడు దీనమ్మ ఆమె చెయ్యి పట్టుకుని అంది, "ఇంకోసారి కోస్తామంటే మాత్రం నా వల్ల కాదే. ఆగితే ఆగనీ."

ఆ మాట ఎస్తేరును వదల్లేదు. తిరిగి వెళ్ళాక అప్పటిదాకా చేస్తున్న పని పక్కన పెట్టేసింది. రెండు రకాల పదార్థాలను అతికి, ఒక వైపు వేడిగా ఇంకో వైపు చల్లగా ఉంచితే కరెంటు పుడుతుందన్న సంగతి లోకానికి కొత్త కాదు. కానీ మనిషి కండకూ చర్మానికీ మధ్య ఉండే వేడి తేడా ఏపాటిది? అంత చిన్న తేడా నుంచి గుండెను తట్టి లేపేటంత కరెంటు పిండగల పదార్థం కోసం ఎస్తేరు వయసంతా ధారపోసింది. పెళ్ళి సంబంధాలు వచ్చి, ఎదురుచూసి, రావడం మానేశాయి. చివరికి దొరికింది. ఉల్లిపొర కన్నా పలచని పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చి చేసిన ఒక బిళ్ళ. చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్దది. ఎడమ భుజం కింద, చర్మం అడుగున అమర్చి, సన్నటి తీగతో గుండెకు కలుపుతారు. లోపలి ముఖం కండ వేడిని అందుకుంటుంది, బయటి ముఖం చర్మానికి ఆనుకుని చల్లబడుతుంది. బ్యాటరీ లేదు. కొద్ది గంటలకు సరిపడే నిల్వ తప్ప వేరే ఆధారం లేదు. మార్చే పని లేదు. మనిషి ఉన్నంతకాలం అదీ ఉంటుంది.

పరీక్షలు, అనుమతులు అన్నీ అయ్యాక, మనుషులకు అమర్చిన తొలి జట్టులో దీనమ్మ ఒకతె. ఈలోగా బ్యాటరీ కోసం మరోసారి కోయించుకోక తప్పని ఆమె, ఇదే ఆఖరి కోతంటే ఒప్పుకుంది.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేరోజు దీనమ్మ అద్దంలో భుజం చూసుకుంటూ అడిగింది.

"ఇంతకీ దీన్నేమంటారే?"

"ఉష్ణవిద్యుత్తు అక్కా. దాంతో నడుస్తది."

"అమ్మో, నోరు తిరగదు. అంటే ఏందే?"

ఎస్తేరు చేతిలో ఫోను మోగుతోంది. ఢిల్లీ నుంచి. నిన్నటి నుంచి ఎదురుచూస్తున్న పిలుపు. "ఉష్ణమంటే వేడి కదా. వేడితో పుట్టే కరెంటు. నీ ఒంట్లో వేడి ఉన్నంతకాలం ఇది ఆగదు," అంది గబగబా.

"వేడి కరెంటన్నమాట!" దీనమ్మ ముఖం వెలిగిపోయింది. "బట్టీల ఊరికి తగ్గదే చేశావే. వేడికి మాకేం కరువు?"

ఎస్తేరు నవ్వింది. ఫోను చెవిన పెట్టుకుని వరండాలోకి నడిచింది.

తర్వాత బిళ్ళను తయారుచేసే కంపెనీ వాళ్ళతో సమావేశం జరిగినప్పుడు దానికి ఏ పేరు పెట్టాలని చాలాసేపు చర్చ నడిచింది. వాళ్ళు ఏదో ఇంగ్లీషు పేరు తెచ్చారు. ఎస్తేరు ఒప్పుకోలేదు. తాను తెలుగు మీడియంలో చదువుకుంది. సైన్సు మాస్టారు బల్ల మీద బెత్తంతో కొడుతూ వల్లెవేయించిన నిర్వచనం ఇప్పటికీ నోటికొచ్చు: రెండు వేర్వేరు లోహాల సంధుల మధ్య ఉష్ణోగ్రతా భేదమున్నప్పుడు జనించే విద్యుత్తును ఉష్ణవిద్యుత్తు అందురు. "ఇంత చక్కటి మాట మనకుండగా వేరేది ఎందుకు?" అని పట్టుబట్టింది. ఆమె పనిచేసే పరిశోధన సంస్థ డైరెక్టరు శేషగిరిగారు కూడా ఆమె వైపే మాట్లాడారు. కంపెనీ వాళ్ళు సరేనని, దాని కింద ఇంకో ముక్క చేర్చుకున్నారు. మీ వేడే మీ కరెంటు.

గోడల మీద రాయించబోయే ఆ ప్రకటన నమూనా తెర మీద చూసినప్పుడు ఎస్తేరుకు ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది. "వేడి ఒక్కటే కాదండీ, భేదం ఉండాలి. ఆ సంగతి కూడా..." అంది.

"గోడ మీద పాఠం రాయలేం కదా మేడం," అన్నాడు ప్రచారం చూసే కుర్రాడు. అందరూ నవ్వారు. ఎస్తేరు కూడా నవ్వింది. మనిషి ఒంటికీ గాలికీ తేడా ఎప్పుడూ ఉంటుందిలే అనుకుంది. ఎండలో కూడా చెమట పట్టి చర్మం చల్లబడుతుంది. నలభై డిగ్రీల గదిలో పెట్టి చూశారు, బిళ్ళ ఆగలేదు.

ఆ చలికాలం దీనమ్మ జీవితంలో అన్నిటికన్నా మంచి కాలం. బయట చల్లబడేకొద్దీ బిళ్ళ జోరుగా పనిచేసింది. దీనమ్మ మిషను మళ్ళీ తొక్కింది. క్రిస్మస్‌కు వీధిలో పిల్లలందరికీ గౌన్లు కుట్టింది. చర్చిలో నిలబడి చివరిదాకా పాడింది. డిగ్రీ చదువుతున్న కెజియా వీడియో తీసి పంపితే, ఎస్తేరు ప్రయోగశాలలో అందరికీ చూపించింది.

వీధిలో ఆడవాళ్ళు బిళ్ళ చూడ్డానికి వచ్చేవాళ్ళు. దీనమ్మ పైట కాస్త జరిపి, చర్మం కింద గుండ్రంగా ఉబ్బిన చోటు చూపించేది. "మీకు కరెంటు పోద్ది గానీ నాకు పోదు. వేడి కరెంటు ఇది. మా చెల్లెలు చేసింది," అనేది. ఆమె వల్ల ఆ చుట్టుపక్కల ఇంకొందరు వెళ్ళి పెట్టించుకున్నారు. పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుని ఎడమ భుజం సెగకు పెట్టడం ఆమెకు అలవాటైంది. చల్లటి తెల్లవారు కాబట్టి అందులో చెరుపేమీ జరగలేదు. ఒంట్లో ఉన్న సత్తువ పొయ్యి సెగ వల్లనే వచ్చిందనుకుంది.

మే నెల వచ్చింది. అలాంటి మే నెలను పల్నాడు అంతకుముందు చూడలేదు. పగలు నలభై తొమ్మిది దాటింది. అది ఒక ఎత్తయితే, రాత్రి కూడా గాలి చల్లబడలేదు. గోడలు, రేకులు, మంచినీళ్ళ బిందె, అన్నీ మనిషి ఒంటికన్నా వేడిగా ఉన్నాయి. ఉక్కకు పట్టిన చెమట ఆరడం లేదు, ఒళ్ళు చల్లబడడం లేదు. రేకుల కింద పడుకున్న దీనమ్మ భుజంలో బిళ్ళ రెండు ముఖాలూ ఒకే వేడికి వస్తున్నాయి. నిల్వ తరుగుతోంది. రాత్రి నిండాల్సినది నిండడం లేదు.

ఆ సమయంలో ఎస్తేరు హైదరాబాదులో, స్వెటరు వేసుకోవాల్సినంత చల్లటి గదిలో, నిపుణుల బృందానికి లెక్కలు చూపిస్తోంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో వాడుతున్న బిళ్ళను ఇక దేశమంతటా ఆసుపత్రుల్లో వాడొచ్చా లేదా అన్నది ఆ వారంలో తేలాలి. మధ్యలో ఫోను వస్తే బయటికి వచ్చి తీసింది.

"ఓపిక ఉండట్లేదే ఎస్తేరూ. లేస్తే కళ్ళు తిరగతన్నయ్," అంది దీనమ్మ.

"ఇక్కడే తట్టుకోలేకపోతున్నాం, అక్కడి ఎండలకు తిరగవా మరి! మజ్జిగ తాగి పడుకో. ఆదివారం నేనొస్తాగా."

"బిళ్ళలో చార్జీ గానీ తగ్గిందేమోనే?"

"బిళ్ళకేం కాదక్కా. నీ ఒంట్లో వేడి ఎక్కడికి పోద్ది?"

దీనమ్మ నవ్విన చప్పుడు వినిపించింది. "సరే, పనిలో ఉన్నట్టున్నావు. పెట్టేస్తా."

శనివారం మధ్యాహ్నం కెజియా ఫోను చేసింది. మాట్లాడలేకపోయింది. వెనక ఎవరో ఆడవాళ్ళ ఏడుపు. ఎస్తేరుకు అర్థమైంది.

ఆమె చేరేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. దీనమ్మను అద్దాల మూత ఉన్న ఐసుపెట్టెలో పడుకోబెట్టారు. తెల్లచీర కట్టి, చేతుల మధ్య బైబిలు పెట్టారు. లోపల చల్లదనానికి అద్దం మీద మంచు పట్టి, ముఖం సరిగా కనిపించడం లేదు. కెజియా చున్నీతో తుడుస్తోంది. తుడిచినకొద్దీ మళ్ళీ పడుతోంది. ఎస్తేరు అక్క కూతురి పక్కన కూలబడి తానూ తుడిచింది.

యోహాను పెట్టె కాళ్ళవైపు కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద ఇంకా సున్నం ఉంది. ఎస్తేరును చూసి లేవబోయి, లేవలేక, చెయ్యి చాచాడు. ఆమె వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏం జరిగింది బావా?"

"పొద్దున లేచి కూచోబోయి పడిపోయిందమ్మా. ఆసుపత్రికి పోదామన్నా. వినలా. 'ఆసుపత్రోళ్ళకి ఈ బిళ్ళ సంగతి ఏం తెలుసయ్యా, చెల్లెలు చెప్పింది, ఇది వేడి కరెంటు, చార్జీ దిగిపోయింది, బట్టీ కాడికి తీసకపో' అంది. ఎత్తుకున్నా. పిట్టంత బరువుంది. బట్టీ గోడ పక్కన మంచం వాల్చి పడుకోబెట్టా."

ఎస్తేరు చేతిలో అతని చెయ్యి ఉంది. ఆమె అరచేతికి సున్నం అంటింది.

"కాసేపటికి, నయంగా ఉందయ్యా అంది. నాకోసం అన్నదో, నిజంగానే అనిపించిందో. మళ్ళా, ఇంకాస్త దగ్గరికి జరుపు అంది. జరిపా. చెమట తుడస్తా కూచున్నా. నా వంక చూస్తానే ఉంది. నిద్రపోయిందనుకున్నా." అతని కళ్ళలో ఏదో అడగాలన్న ఆరాటం. "వేడి చాల్లేదా ఎస్తేరూ? ఇంకా దగ్గరికి తీసకపోవాల్సిందా?"

ఆ ప్రశ్నకు జవాబు ఎస్తేరుకు తెలుసు. ఆ జవాబు తెలిసినవాళ్ళు ఆ షామియానా కింద ఇంకెవరూ లేరు. బట్టీ గోడ సెగకు చర్మం కండకన్నా వేడెక్కి ఉంటుంది. మిగిలిన కొద్ది నిల్వ అయిపోయి ఉంటుంది. నీడన పడుకోబెట్టి, భుజం మీద తడిగుడ్డ వేసి ఉంటే అక్క సాయంత్రానికి లేచి కూర్చునేది.

యోహాను చూస్తున్నాడు.

"లేదు బావా. నువ్వు చేయాల్సిందంతా చేశావు," అంది.

అతను తల వంచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపులో కాస్త ఊరట ఉంది. ఎస్తేరు అది చూసింది. చూసి, తాను చెప్పిన అబద్ధం మంచిదేననుకుంది.

ఖననానికి ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళి తీయించిన బిళ్ళను ఒక చిన్న డబ్బాలో వేసి ఇచ్చారు. సమాధి కార్యక్రమం అయ్యాక ఎస్తేరు దాన్ని ప్రయోగశాలకు తీసుకెళ్ళింది. అడుగున గోరువెచ్చటి పలక, పైన ఏసీ గాలి. తీగలు తగిలించి పెట్టీపెట్టగానే మీటరు మీద గీత లేచింది. పడింది. మళ్ళీ లేచింది. ఆరోగ్యమైన గుండెలా, ఏ తడబాటూ లేకుండా.

"బిళ్ళలో దోషమేం లేదు," అన్నారు శేషగిరిగారు, నెమ్మదిగా. "గుండే బలహీనపడి ఉంటుందమ్మా. మీరు మనసు కష్టపెట్టుకోకండి."

"బిళ్ళలో లేదు సార్," అంది ఎస్తేరు. తీగలు ఊడదీసింది. గీత అలాగే పడుకుంది.

యోహాను చెప్పింది ఆయనకు చెప్పాలని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చెబితే నివేదికలో రాస్తారు. నివేదిక నుంచి పత్రికల్లోకి, అక్కడి నుంచి పిడుగురాళ్ళకు. బావ చెవిన పడుతుంది. వేసవి ఇంక ఎన్నాళ్ళో లేదు, వానలు పడితే ప్రమాదం తప్పుతుంది, ఈలోగా బిళ్ళలో మార్పు చేద్దామని తనకు తాను చెప్పుకుంది. ఆ రెండు మూడు రోజులూ ఆమెకు అన్నం సయించలేదు.

తర్వాత ఆదోని నుంచి కబురు వచ్చింది. అక్కడ హనుమప్ప అనే పెద్దాయన సంక్రాంతి నుంచి బిళ్ళతో బాగానే తిరుగుతున్నాడు. నీరసంగా ఉందని మిట్టమధ్యాహ్నం ఎండలో మంచం వేయించుకుని, చొక్కా విప్పి పడుకున్నాడు. కూతురు చూసి, తిట్టి, మనుషుల్ని పిలిచి మంచంతో సహా లోపలికి లాగించి, తల మీద, ఒంటి మీద నీళ్ళు కుమ్మరించింది. బతికాడు. ఎస్తేరు వెంటనే బయలుదేరి వెళ్ళింది.

"ఎండలోకి ఎందుకు వెళ్ళారు?" అని అడిగితే ఆయన అమాయకంగా ఆమె ముఖంలోకి చూశాడు.

"ఉష్ణవిద్యుత్తు కదమ్మా ఇది? గోడ మీద రాసినారు కదా. ఉష్ణం పెడితే విద్యుత్తు వస్తుందనుకొంటిని."

తిరిగి వచ్చి ఎస్తేరు శేషగిరిగారికి అంతా చెప్పింది. దీనమ్మ సంగతి కూడా. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. తర్వాత, "అందరికీ సందేశం పంపిద్దాం. వేడికి దూరంగా ఉండమని. కారణం రాయొద్దు. కారణం రాస్తే భయపడతారు, కోర్టులకెళ్తారు. మీ బావగారికి కూడా తెలియకుండా పోతుంది," అన్నారు. ఆ చివరి మాట ఆయన నిజంగా దయతోనే అన్నారు.

"కారణం చెప్పకపోతే ఎవరూ వినరు సార్. వేడి కరెంటు అని మనమే చెప్పాం. ఇప్పుడు వేడికి దూరంగా ఉండమంటే, చల్లగా ఉంటే ఆగిపోతుందేమోనని దొంగతనంగా పొయ్యి దగ్గరికి వెళ్తారు. మా అక్కయితే అలాగే వెళ్ళేది." ఎస్తేరు లేచింది. "ఇక బావ సంగతంటారా, ఆ సందేశం ఆయనకూ చేరుతుంది. ఆ వీధిలో నలుగురికి బిళ్ళలున్నాయి. వేడికి దూరంగా అన్న ఒక్క ముక్క చాలు, ఆయనకు అర్థం కావడానికి. ఆయన దాన్ని ఇంకెవరి ఫోనులోనో చదివి తెలుసుకోకూడదు. నేనే చెప్పాలి."

పిడుగురాళ్ళ చేరేసరికి పొద్దు వాలుతోంది. యోహాను పనికి వెళ్ళడం లేదు. వసారాలో చాప మీద కూర్చుని ఉన్నాడు. కెజియా అన్నం కలిపి పెడుతుంటే నములుతున్నాడు, రుచి తెలియనివాడిలా. మరదలిని చూసి, "రామ్మా, అన్నం తిను," అన్నాడు.

ఎస్తేరు కూర్చుంది. సంచిలోంచి ప్రయోగశాలలో వాడే బిళ్ళ ఒకటి తీసింది. అక్క బిళ్ళను తేవడానికి మనసొప్పలేదు. దీనికి ఆవగింజంత దీపం తగిలించి ఉంది.

"బావా, చెయ్యి చాపు."

అతని అరచేతిలో బిళ్ళ పెట్టింది. కెజియా లోపలి నుంచి తడిగుడ్డ తెచ్చి, ఆమె చెప్పినట్టు పైన ఒక్క క్షణం అద్ది తీసింది. దీపం వెలిగింది. యోహాను ముఖంలో చాలా రోజుల తర్వాత చిన్న నవ్వు కదిలింది.

"ఇప్పుడు చూడు," అని ఎస్తేరు తన అరచేతిని బిళ్ళ మీద మూసింది. రెండు అరచేతుల మధ్య బిళ్ళ ఉండిపోయింది. కాసేపటికి వేళ్ళ సందుల్లోంచి వచ్చే వెలుగు తగ్గి, తగ్గి, పోయింది.

"ఎందుకారిపోయింది? ఇంకా వేడిగా ఉందిగా," అన్నాడు యోహాను.

"వేడి ఉంటే చాలదు బావా. ఇటు నుంచి అటు పోవాలి. పోతున్నప్పుడే కరెంటు పుడుతుంది. అటుపక్క కూడా వేడి అయితే పోవడానికి చోటుండదు. ఆగిపోతుంది."

యోహాను తన అరచేతి వంక చూస్తూ ఉండిపోయాడు. కెజియాకు ముందు అర్థమైంది. చేతిలో తడిగుడ్డ కింద పెట్టేసి, "పిన్నీ, వద్దు," అంది.

"ఉండవే," అన్నాడు యోహాను. "అయితే... బట్టీ కాడ..."

"అవును బావా."

"మంచం దగ్గరికి జరిపా."

ఎస్తేరు తల దించుకుంది.

"చెమట తుడిచా. అదీ తప్పేనా?"

చెమట ఒక్కటే ఆ సమయంలో అక్క భుజాన్ని చల్లబరచగలిగినది. ఆ మాట ఎవరు చెప్పగలరు?

అవతల బట్టీల్లో ఎవరో రాయి దింపుతున్నారు.

"పెట్టె కాడ అడిగా నిన్ను," అన్నాడు యోహాను. గొంతులో కోపం లేదు, అదే ఆమెకు భరించరానిదైంది. "నువ్వు చేయాల్సిందంతా చేశావన్నావు."

"అబద్ధం చెప్పాను బావా."

"ఎందుకు?"

"నీ ముఖం చూసి."

"మరి ఇయ్యాల నా ముఖం కనపడ్డంలా?"

ఎస్తేరు ఏడుపు ఆపుకోలేకపోయింది. "అక్క అడిగినప్పుడు నేను సరిగా చెప్పలేదు. ఫోను మోగుతోందని సగం చెప్పి వదిలేశాను. ఆమె నమ్మింది. నువ్వు ఆమెను నమ్మావు. చేసింది నేను బావా, నువ్వు కాదు."

"ఎత్తుకెళ్ళిన చేతులు నాయి," అన్నాడు యోహాను.

కెజియా గడపలో నిలబడి ఏడుస్తోంది. "చెప్పకపోతే ఏమయ్యేది పిన్నీ? అమ్మ ఎట్టాగూ పోయింది. నాన్ననన్నా మిగలనీయకపోయావా?"

ఎస్తేరు కళ్ళు తుడుచుకుని ఆదోని సంగతి చెప్పింది. హనుమప్ప మంచం సంగతి, గోడ మీది రాత సంగతి. బిళ్ళ పెట్టించుకున్నవాళ్ళు వేలమంది ఉన్నారని, వానలు రావడానికి ఇంకా రోజులు పడుతుందని చెప్పింది. యోహాను వింటున్నాడో లేదో తెలియలేదు. ఉన్నట్టుండి తలెత్తాడు.

"ఆయన బతికాడా?"

"బతికాడు. కూతురు లోపలికి లాగించింది."

యోహాను కెజియా వంక చూశాడు. మళ్ళీ ఎస్తేరు వంక. "మిగతా వాళ్ళకి ఏమని చెప్తారు?"

"వేడికి దూరంగా ఉండమని. ఎందుకో చెప్పొద్దంటున్నారు."

"అట్టా చెప్తే దీన వినేది కాదు. 'నాకు తెలీదా, మా చెల్లెలు చేసింది' అని నవ్వేది." అతను చాప మీద నుంచి లేచి, మొహం కడుక్కుని, వసారాలో కుట్టుమిషను పక్కన నిలబడ్డాడు. "నీ ఫోను తియ్యవే కెజియా. నేను చెప్తా."

"నాన్నా..."

"తియ్యమన్నా కదా."

కెజియా ఫోను తీసి ఎస్తేరుకు ఇచ్చేసింది. యోహాను కెమెరా వంక కాదు, దాన్ని పట్టుకున్న ఎస్తేరు వంక చూస్తూ మాట్లాడాడు.

"నా పేరు యోహాను. మాది పిడుగురాళ్ళ. నా భార్య దీనమ్మకి ఈ బిళ్ళ ఉండేది. నీరసం వస్తే, వేడి తగిలితే చార్జీ ఎక్కుద్దని నేనే బట్టీ పక్కన పడుకోబెట్టా. అట్టా ఎక్కదంట. చల్లగా ఉంటేనే ఎక్కుద్దంట. మాకు తెలవలా. ఆమె చనిపోయింది. మీ ఇంట్లో ఎవురికన్నా ఈ బిళ్ళ ఉంటే నీడన పడుకోబెట్టండి. తడిగుడ్డ కప్పండి. వాళ్ళు వేడి కావాలని అడిగినా ఇవ్వబాకండి. బతిమిలాడినా ఇవ్వబాకండి."

అంతే. వెళ్ళి మళ్ళీ చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట ఎవరూ అన్నం తినలేదు.

ఆ వీడియోను శేషగిరిగారు ఆపాలని చూడలేదు. చూడగానే ఆయనే అందరికీ పంపించారు. అది ఊళ్ళు దాటి వెళ్ళింది. జనం బిళ్ళ ఉన్నవాళ్ళను నీడకు చేర్చారు, భుజాల మీద తడిగుడ్డలు వేశారు. ఇద్దరు ముగ్గురు కళ్ళు తిరిగి పడిపోయినా, ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. గోడల మీది రాతలు చెరిపేశారు. బిళ్ళల అమ్మకం నిలిపివేసి, పెట్టినవాటికి చిన్న బ్యాటరీ తోడు చేర్చాలని నిర్ణయించారు. అందుకు మళ్ళీ కోయాలి. ఎస్తేరును ప్రయోగశాల బాధ్యతల నుంచి తప్పించారు. ఆమె అడ్డు చెప్పలేదు. ఊరూరా తిరిగి బిళ్ళ ఉన్నవాళ్ళను చూసే బృందంలో చేరింది. ఎవరైనా ఉష్ణవిద్యుత్తు అంటే ఏమిటని అడిగితే, కూర్చుని, ఫోను ఆపేసి, మొదటి నుంచి చెప్పేది.

యోహాను ఆమెకు ఫోను చేయలేదు. ఆమె చేస్తే కెజియా తీసి, "బాగానే ఉన్నాడు" అని పెట్టేసేది. బట్టీ పని మానేశాడని, చర్చి ఆవరణలో మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడని వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, మాచర్ల బస్టాండులో ఎస్తేరు బస్సు కోసం నిలబడి ఉండగా అతని నంబరు నుంచే ఫోను వచ్చింది.

"ఎస్తేరూ, ఒక సంగతి అడగాల."

"అడుగు బావా."

"ఆఖర్న నా వంక చూస్తా ఉందని చెప్పాగా. అప్పుడు ఆమెకి నొప్పి తెలిసుంటదా? ఆయాసపడిందా? నోరు తెరిచి చెప్పలేక చూసిందా?"

వాన చప్పుడుకు ఎస్తేరు ఫోనును చెవికి నొక్కిపట్టుకుంది. లేదు బావా, నిద్రలా ఉంటుంది, ఏమీ తెలియదు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది. ఎంత తేలికైన మాట! అతనికి ఆ రాత్రి నిద్ర పట్టేది.

"గుండె బాగా మందగించాక స్పృహ పోతుంది బావా. అది నాకు తెలుసు. స్పృహ పోయేముందు ఆమెకు ఎట్లా ఉందో... నాకు తెలియదు బావా."

పెట్టేశాడేమోనని ఆమె ఫోను చూసుకుంది. పెట్టేయలేదు.

"తెలియదంటే నమ్ముతా," అన్నాడు యోహాను. మళ్ళీ, "వానలో తడస్తా నిలబడబాక," అన్నాడు.

ఎస్తేరు రేకు కిందికి జరిగి నిలబడింది.